వీఎంలో టెంపరేచర్ కనిపించకపోతే ఎక్కడ కొలవాలి? ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది?

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోతుంది. ఇన్వర్టర్ మీద సర్వర్ నడుస్తూనే ఉంటుంది, ఏసీ మాత్రం ఆగిపోతుంది. తణుకులో రైస్ మిల్లు ఆఫీసైనా, భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్ అయినా, అమలాపురంలో స్కూలు కంప్యూటర్ గది అయినా పరిస్థితి ఇదే. ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో చూద్దామని వీఎంలోకి (వర్చువల్ మెషీన్, అంటే అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) లాగిన్ అయి సెన్సర్స్ కమాండ్ కొడితే, సెన్సర్లేవీ దొరకలేదని చెప్పి ఊరుకుంటుంది. అక్కడి నుంచి ఆ మాడ్యూల్ ఎక్కించి, ఈ ప్యాకేజీ వేసి, సాయంత్రం దాకా గెస్ట్ (అంటే ఆ వీఎం) లోపలే వెతుక్కునేవాళ్లు చాలామంది. గది మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది.

ముందే చెప్పేస్తాను. మామూలు వీఎంలో ఎంత వెతికినా ఆ అంకె దొరకదు. దొరికినట్టు కనిపిస్తే ఇంకా జాగ్రత్త పడాలి. కొలత హోస్ట్ (వీఎంలని మోసే అసలు మెషీన్) దగ్గరే జరగాలి, గెస్ట్‌కి కావాల్సింది ఆ అంకె వచ్చి చేరే దారి మాత్రమే. అలాంటి దారులు నాలుగైదు ఉన్నాయి. మీ మెషీన్ ఎలాంటిది, హోస్ట్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంది అన్నదాన్ని బట్టి వాటిలో ఏది మీకు నప్పుతుందో తేలుతుంది.

గెస్ట్‌కి ఎందుకు కనిపించదు

సెన్సర్స్ కమాండ్‌ని ఇచ్చే ఎల్ఎం-సెన్సర్స్ ప్యాకేజీ తనంతట తాను ఏదీ కొలవదు. కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) డ్రైవర్లు హెచ్‌డబ్ల్యూమాన్ అనే ఫోల్డర్‌లో పెట్టిన అంకెల్ని తీసి చూపిస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్‌కి కోర్‌టెంప్ డ్రైవర్, ఏఎండీకి కే10టెంప్, మదర్‌బోర్డు మీద ఫ్యాన్లనీ వోల్టేజీలనీ గమనించే ఐటీఈ, నువోటన్ చిప్‌లకి వాటి వాటి డ్రైవర్లు. వీఎంలో ఈ మూడూ మూడు రకాలుగా ఆగిపోతాయి.

కోర్‌టెంప్ ముందుగా ప్రాసెసర్‌ని "నీలో డిజిటల్ థర్మల్ సెన్సర్ ఉందా" అని అడుగుతుంది. లినక్స్‌లో వీఎంలని నడిపే కేవీఎం ఆ జవాబులో వేడికి సంబంధించిన భాగాన్ని తీసేసి గెస్ట్‌కి ఇస్తుంది. అందుకే మాడ్యూల్ ఎక్కించబోతే అలాంటి డివైస్ లేదని వెనక్కి కొడుతుంది. కేవీఎం మీద వీఎంలని నడిపించే ప్రాక్స్‌మాక్స్‌లో సీపీయూ టైప్‌ని "హోస్ట్" అని పెడితే టెంపరేచర్ వచ్చేస్తుందని చాలామంది నమ్మకం. రాదు. ఆ సెట్టింగ్ వల్ల అసలు ప్రాసెసర్ పేరు, దానికున్న ఇన్‌స్ట్రక్షన్లు గెస్ట్‌కి తెలుస్తాయి గానీ, థర్మల్ సెన్సర్ సంగతి అప్పుడు కూడా తెలియదు. కేవీఎంకి ఇగ్నోర్ ఎంఎస్ఆర్స్ అనే ఆప్షన్ పెట్టమనే సలహా కూడా తరచూ వినిపిస్తుంది. తెలియని రిజిస్టర్‌ని గెస్ట్ చదవబోతే ఎర్రర్ ఇవ్వకుండా సున్నా చేతిలో పెట్టడం దాని పని. సున్నాతో మీరు చేసేదేమీ లేదు.

కే10టెంప్ సంగతి ఇంకా తేలిక. ఆ డ్రైవర్ ఏఎండీ ప్రాసెసర్‌కి చెందిన పీసీఐ డివైస్‌ని వెతుకుతుంది. ఊహా హార్డ్‌వేర్‌ని తయారు చేసే ప్రోగ్రామ్ క్యూఈఎంయూ గెస్ట్‌కి చూపించేదేమో ఇంటెల్ వారి పాత చిప్‌సెట్: 1996 నాటి ఐ440ఎఫ్ఎక్స్, లేదా 2007 నాటి క్యూ35. కింద ఉన్నది నిన్న కొన్న రైజెన్ అయినా సరే, లోపలున్న లినక్స్‌కి తెలిసింది ఆ పాత బోర్డే. ఫ్యాన్ వేగం చెప్పే చిప్ ఆ ఊహాబోర్డు మీద అసలు లేనే లేదు.

ఇది ఎవరో మరిచిపోయిన పని కాదు, కావాలనే ఇలా ఉంచారు. ఒకే ప్రాసెసర్ మీద పది వీఎంలు నడుస్తుంటే వేడి ఏ ఒక్కదానిదీ కాదు. వీఎంని ఈ సర్వర్ నుంచి ఆ సర్వర్‌కి నడుస్తుండగానే మార్చితే నిన్నటి సెన్సర్ ఇవాళ ఉండదు. ఫ్యాన్ చిప్‌ని గెస్ట్ చేతికిస్తే, చదవడంతో ఆగకుండా ఫ్యాన్‌ని ఆపేయగలదు కూడా. భద్రత సంగతీ ఉంది. 2020 నవంబరులో ప్లాటిపస్ అనే దాడి బయటపడింది. ఇంటెల్ ప్రాసెసర్ ఎంత కరెంటు లాగుతోందో చెప్పే అంకెల్ని గమనిస్తూ, లోపల నడుస్తున్న రహస్య తాళాల్ని రాబట్టవచ్చని పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత లినక్స్‌లో ఆ అంకెల్ని రూట్ యూజర్‌కి మాత్రమే పరిమితం చేశారు. అద్దెకిచ్చిన వీఎంలకి సెన్సర్లు తెరిచిపెట్టకపోవడం ఎంత మంచిదో దీన్ని బట్టే అర్థమవుతుంది.

మన డెల్టా వాళ్లకి ఇది కొత్త విషయమేమీ కాదు. గోదావరికి వరదొస్తే లంక గ్రామాల్లో ఎవరూ పెరట్లో కర్ర పాతి కొలుచుకోరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంతుందో తెలుసుకుంటారు. అక్కడ 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కొలిచేది ఒక్కచోట, ఆ అంకెని పట్టుకుని కదిలేది డెల్టా అంతా. హోస్ట్‌ని ధవళేశ్వరం అనుకోండి, వీఎంలు లంక గ్రామాలు.

ఖాళీ కంటే ప్రమాదం అబద్ధపు అంకె

ఎంపికల్లోకి వెళ్లే ముందు ఇది తెలియాలి, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఇక్కడే.

నేను చూసిన ఒక ఆక్వా ల్యాబ్‌లో వీఎం డిస్క్‌ని సాటా రకంగా పెట్టి ఉంచారు. లోపల స్మార్ట్‌సీటీఎల్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే సమాచారాన్ని, అంటే స్మార్ట్‌ని, చదివే కమాండ్) కొడితే డిస్క్ ఆరోగ్యం పాస్, టెంపరేచర్ 31 డిగ్రీలు. "ఏవండీ, ఇది 31 చూపిస్తుంటే మీరేమో వేడెక్కిపోయిందంటారేంటండీ?" అని అడిగారు యజమాని. "ఒక్కసారి హోస్ట్‌లో చూద్దామండీ" అన్నాను. అదే కమాండ్ హోస్ట్‌లో కొడితే అసలు డిస్క్ 54 దగ్గర ఉంది. క్యాబినెట్ తలుపు తీసి డిస్క్ మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశారాయన.

ఆ 31 ఎక్కడిది? క్యూఈఎంయూ సాటా, ఐడీఈ డిస్కుల్ని అనుకరించేటప్పుడు స్మార్ట్ పట్టికని కూడా తనే తయారు చేసి ఇస్తుంది. గాలి ఉష్ణోగ్రత అనే వరసలో 31 అని కోడ్‌లోనే రాసి ఉంది. జనవరి తెల్లవారుజామునా 31, మే నెల మధ్యాహ్నమూ 31. అనుకరించిన ఎన్‌వీఎంఈ డిస్క్ అయితే 323 కెల్విన్లు, అంటే 50 డిగ్రీలు చూపిస్తూ కూర్చుంటుంది. గ్రాఫ్ గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా తిన్నని గీత వస్తుంది. అలారం పెడితే ఎప్పటికీ మోగదు. అసలు డిస్క్ చెడిపోతున్నా "పాస్" అనే అంటుంది.

కాబట్టి వీఎంలో ఏ టెంపరేచర్ అంకె కనిపించినా ఒక పరీక్ష పెట్టండి. పొద్దున్న ఆరు గంటలకి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి రాసుకోండి. బరువైన పని నడిపి మళ్లీ చూడండి. మన వాతావరణంలో ఆ మూడూ ఒకటే వచ్చాయంటే అది కొలత కాదు. డిస్క్‌ని వర్టియో (వీఎంల కోసమే చేసిన డిస్క్ పద్ధతి) రకంగా పెట్టిన వీఎంలో ఈ గొడవ లేదు, అక్కడ స్మార్ట్ సమాచారం దొరకదని ఖచ్చితంగా చెప్పేస్తుంది. నన్నడిగితే అదే నయం. అలాగే వర్చువల్‌బాక్స్ అనే వీఎం ప్రోగ్రామ్‌లో లాప్‌టాప్ బ్యాటరీ శాతం గెస్ట్‌లో కనిపిస్తుంది, అది నిజమైనదే. వాళ్లు దాన్ని ప్రత్యేకంగా లోపలికి పంపే ఏర్పాటు చేశారు. బ్యాటరీ వచ్చింది కదా అని టెంపరేచర్ కూడా వస్తుందనుకోవద్దు.

మీరున్నది వీఎంలోనా, కంటైనర్‌లోనా?

సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్ అనే కమాండ్ కొట్టండి. కేవీఎం, వీఎంవేర్, ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ అని వస్తే మీరు వీఎంలో ఉన్నారు. ఎల్ఎక్స్‌సీ, డాకర్ అని వస్తే కంటైనర్‌లో ఉన్నారు. "నన్" అని వస్తే అసలు మెషీన్ మీదే ఉన్నారు. డబ్ల్యూఎస్ఎల్ అని వస్తే విండోస్ లోపలి లినక్స్. దాని రెండో వెర్షన్ కూడా లోలోపల వీఎమ్మే.

ఈ తేడా చాలా పెద్దది. కంటైనర్‌కి సొంత కెర్నెల్ ఉండదు, హోస్ట్ కెర్నెల్‌నే వాడుకుంటుంది. హోస్ట్‌లో డ్రైవర్లు ఎక్కి ఉంటే హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్ కంటైనర్‌లోకి కూడా చదవడానికి కనిపిస్తుంది. ఎల్ఎక్స్‌సీలో ఎల్ఎం-సెన్సర్స్ వేసుకుని కమాండ్ కొడితే అసలు ప్రాసెసర్ టెంపరేచరే వస్తుంది.

మొదటి దారి: వీఎం బదులు కంటైనర్

మీ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకా మొదలుపెట్టలేదు, హోస్ట్ మీ సొంతమే అంటారా? అయితే అంకెలు పోగుచేసే ప్రొమీథియస్, గ్రాఫ్‌లు గీసే గ్రాఫానా లాంటివాటిని ఎల్ఎక్స్‌సీ కంటైనర్‌లో పెట్టండి. సెన్సర్ల కోసం వేరే ఏర్పాటు అక్కర్లేదు. అసెంబుల్డ్ డెస్క్‌టాప్ మీద ప్రాక్స్‌మాక్స్ నడిపే చిన్న ఆఫీసులకి నేను ముందు చెప్పేది ఇదే.

డిస్కుల కోసం ఒక చిన్న పని చేయాలి. స్మార్ట్‌సీటీఎల్‌కి అసలు డిస్క్ డివైస్ మీద అధికారం కావాలి, దాన్ని కంటైనర్‌కి ఇవ్వడం మంచిది కాదు. దాని బదులు హోస్ట్‌లో డ్రైవ్‌టెంప్ మాడ్యూల్ ఎక్కించండి. కెర్నెల్ 5.6 నుంచి ఉంది. సాటా డిస్క్ టెంపరేచర్ మామూలు సెన్సర్ లాగా హెచ్‌డబ్ల్యూమాన్‌లో చేరిపోతుంది, కంటైనర్‌కి ఏ అధికారమూ ఇవ్వకుండానే కనిపిస్తుంది. ఎన్‌వీఎంఈ డిస్కులకి ఇది 5.5 నుంచే కెర్నెల్‌లో ఉంది. ఒక్క జాగ్రత్త: కొన్ని డ్రైవ్‌లలో టెంపరేచర్ చదివిన ప్రతిసారీ నిద్రపోయే టైమర్ మళ్లీ మొదటికొస్తుంది. రాత్రిళ్లు డిస్క్ ఆగాలని కోరుకునేవాళ్లు ఇది గమనించుకోవాలి.

కంటైనర్ వద్దనాల్సిన సందర్భం కూడా ఉంది. బయటివాళ్లకి లాగిన్ ఇచ్చే పని అయితే వద్దు. కెర్నెల్ ఉమ్మడిది కాబట్టి వీఎం ఇచ్చినంత గట్టి గోడ అక్కడ ఉండదు.

రెండో దారి: హోస్ట్ కొలుస్తుంది, గెస్ట్‌కి పంపుతుంది

ఎక్కువమందికి నప్పేది ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

హోస్ట్‌లో ఎల్ఎం-సెన్సర్స్ వేసి, సెన్సర్స్-డిటెక్ట్ నడిపి, ఫ్యాన్ చిప్ డ్రైవర్ కూడా ఎక్కిందో లేదో చూసుకోండి. ప్రాసెసర్ అంకె ఒక్కటే చాలదు. మన సముద్రపు గాలికి, తేమకి హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము ముద్దలా కట్టుకుపోతుంది, ఫ్యాన్ బేరింగ్ బిగుసుకుంటుంది. ఫ్యాన్ వేగం తగ్గడం ముందు కనిపిస్తుంది, టెంపరేచర్ పెరగడం తర్వాత. నరసాపురం, అంతర్వేది వైపు తీరానికి దగ్గరగా ఉన్నవాళ్లు ఫ్యాన్ అంకెని తప్పకుండా చూడాలి.

అంకె దొరికాక గెస్ట్‌కి చేర్చడం ఎలా? ఒకటి, హోస్ట్‌లో దాని అంకెల్ని బయటికి ఇచ్చే నోడ్ ఎక్స్‌పోర్టర్ పెట్టి, 9100 పోర్టు మీద గెస్ట్‌లోని ప్రొమీథియస్ వచ్చి చదువుకునేలా చేయడం. తేలిక, బాగా పనిచేస్తుంది. ఆ పోర్టుకి మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి లోపలి బ్రిడ్జి నెట్‌వర్క్‌కే కట్టేసి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క వీఎంకే దారి ఇవ్వండి. ఆఫీసు వైఫైలో ఉన్న ప్రతి ఫోనుకీ అది తెరిచి ఉండకూడదు.

రెండు, ఎస్‌ఎస్‌హెచ్. గెస్ట్ నుంచి హోస్ట్‌కి లాగిన్ అయి సెన్సర్స్ కమాండ్ నడపడం. ఇది నాకు నచ్చదు. వీఎంలోకి ఎవరైనా చొరబడితే హోస్ట్ తాళం చెవి వాళ్ల చేతిలో పెట్టినట్టే. తప్పదంటే ఆ కీతో ఆ ఒక్క కమాండ్ తప్ప ఇంకేదీ నడవకుండా ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో కట్టడి చేయండి.

మూడు, తిరగేసి చేయడం: హోస్టే నిమిషానికోసారి సెన్సర్స్ అంకెల్ని జేసన్ రూపంలో తీసి గెస్ట్‌కి పంపుతుంది. అంకెలు పంపే టెలిగ్రాఫ్ అనే ప్రోగ్రామ్ అయినా సరే, ఎంక్యూటీటీకి (సెన్సర్లు చిన్న మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) పంపే చిన్న స్క్రిప్ట్ అయినా సరే. గెస్ట్ చేతిలో హోస్ట్ తాళం ఉండదు. ప్రాక్స్‌మాక్స్ మీద, ఇంటి పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్‌ని వీఎంగా నడిపేవాళ్లకి నా సలహా ఇదే. చెరువు గట్ల మీద ఏరేటర్ల మోటార్లని గమనించడానికి ఎంక్యూటీటీ ఎలాగూ పెట్టుకుని ఉంటారు, హోస్ట్ టెంపరేచర్ అందులో ఇంకో వరస అవుతుంది.

నెట్‌వర్క్ గొడవే వద్దనుకుంటే, హోస్ట్ ఒక ఫైల్‌లో అంకెలు రాసి, ఆ ఫోల్డర్‌ని వర్టియోఎఫ్ఎస్‌తో గెస్ట్‌కి చూపించవచ్చు. నెట్‌వర్క్ పరికరాల్ని గమనించే ఎస్ఎన్ఎంపీ పద్ధతి కూడా ఉంది, ఇప్పటికే దాన్ని వాడుతున్న నెట్‌వర్క్ ఆపరేటర్లకి తప్ప కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అవసరం లేదు.

క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ వేస్తే టెంపరేచర్ వస్తుందా అని అడుగుతుంటారు. అది గెస్ట్ సంగతులు హోస్ట్‌కి చెప్పడానికి. మనకి కావాల్సింది దానికి ఎదురు దిక్కు. ఇంకో సంగతి: ప్రాక్స్‌మాక్స్ వెబ్ పేజీలో టెంపరేచర్ మామూలుగా కనిపించదు. దాని ఫైళ్లని మార్చి కనిపించేలా చేసే ప్యాచ్‌లు దొరుకుతాయి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అవి పోతాయి, ఒక్కోసారి పేజీ కూడా తెరుచుకోదు. పది మంది పనిచేసే ఆఫీసు మెషీన్‌లో అలాంటిది పెట్టకండి.

ఇంటెల్ హోస్ట్ అయితే ఇంకొక్క అంకె కూడా పంపండి: కోర్ థ్రాటిల్ కౌంట్. వేడి భరించలేక ప్రాసెసర్ వేగం తగ్గించుకున్న ప్రతిసారీ ఇది పెరుగుతుంది. మీరు చూసిన క్షణంలో టెంపరేచర్ మామూలుగానే ఉండొచ్చు. మధ్యాహ్నం ఏం జరిగిందో ఈ లెక్క చెబుతుంది.

మూడో దారి: సర్వర్ బోర్డులోని బీఎంసీ

పాత డెల్, హెచ్‌పీ రాక్ సర్వర్లు హైదరాబాద్ నుంచి తెచ్చుకుని వాడేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. వాటిలో ఐడ్రాక్, ఐలో అనే పేర్లతో చిన్న కంప్యూటర్ ఒకటి విడిగా ఉంటుంది, దాన్నే బీఎంసీ అంటారు. హోస్ట్ హ్యాంగ్ అయినా, ఆపి ఉంచినా, ప్లగ్‌లో కరెంటు ఉన్నంతవరకూ అది మేలుకునే ఉంటుంది. దీని ముందు మిగతా దారులన్నీ రెండో రకమే. హోస్ట్ లినక్స్ కాకపోయినా, వీఎంవేర్ వారి ఈఎస్ఎక్స్ఐ (వీఎంలు నడపడానికే ఉన్న సిస్టమ్) అయినా పర్వాలేదు. ఈఎస్ఎక్స్ఐ మీద ఎల్ఎం-సెన్సర్స్ వేసుకునే వీలు లేదు కాబట్టి అక్కడ ఇదే అసలు దారి. బీఎంసీ లేని మామూలు డెస్క్‌టాప్ మీద ఈఎస్ఎక్స్ఐ వేస్తే మాత్రం టెంపరేచర్ ఆశ దాదాపు వదులుకోవాల్సిందే. అలాంటి మెషీన్‌కి ప్రాక్స్‌మాక్స్ లేదా మామూలు డెబియన్ మీద కేవీఎం ఎంచుకోండి.

బీఎంసీ ఇచ్చే అంకెల్లో నాకు అన్నిటికన్నా విలువైనది ఇన్‌లెట్ టెంపరేచర్, అంటే సర్వర్ ముందు నుంచి లోపలికి వెళ్లే గాలి వేడి. దానికీ ప్రాసెసర్ వేడికీ తేడా చూడండి. రెండూ కలిసి పెరిగితే గది వేడెక్కింది, ఏసీ సంగతి చూడాలి. ఇన్‌లెట్ మామూలుగా ఉండి ప్రాసెసర్ ఒక్కటే పెరిగితే దుమ్ము పట్టింది, లేదా ఫ్యాన్ పోయింది, లేదా ఏదో వీఎం విపరీతంగా పనిచేస్తోంది. ఎవరికి ఫోన్ చేయాలో అక్కడే తేలిపోతుంది: ఏసీ మెకానిక్‌కా, సర్వర్ కుర్రాడికా. సర్వర్ గదులకి ఏసీ ఇంజనీర్ల సంస్థ అష్రే సిఫార్సు చేసే ఇన్‌లెట్ గాలి 18 నుంచి 27 డిగ్రీలు. మామూలు సర్వర్లలో చాలావాటికి అనుమతించే గరిష్ఠం 35. మే నెలలో ఏసీ ఆగిన గది ఆ 35ని దాటడానికి ఎంతోసేపు పట్టదు.

చదవడానికి ఐపీఎంఐటూల్ ఉంది, ఐపీఎంఐ అనే పాత పద్ధతిలో నెట్‌వర్క్ ద్వారా యూడీపీ 623 పోర్టు మీద అడుగుతుంది. కాస్త కొత్త సర్వర్లలో 2015లో వచ్చిన రెడ్‌ఫిష్ ఉంటుంది. అది హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంది, ఉంటే అదే వాడండి. ఐపీఎంఐ 2.0లో పాస్‌వర్డ్ హ్యాష్‌ని బయటివాళ్లు రాబట్టుకునే లోపం 2013లోనే తేలింది. అది ఆ పద్ధతిలోనే ఉన్న లోపం. అందుకని బీఎంసీ పోర్టుని ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తెరవకండి, వేరే వీల్యాన్‌లో (విడదీసిన లోపలి నెట్‌వర్క్‌లో) పెట్టి మానిటరింగ్ వీఎం ఒక్కదానికే, చదివే అధికారం మాత్రమే ఉన్న యూజర్‌తో దారి ఇవ్వండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న సర్వర్ అయితే పాత యజమాని పాస్‌వర్డ్ మార్చడం మొదటి పని.

నాలుగో దారి: డివైస్‌నే గెస్ట్‌కి అప్పగించడం

పీసీఐ పాస్‌త్రూతో గ్రాఫిక్స్ కార్డునో, ఎన్‌వీఎంఈ డిస్క్‌నో, డిస్క్ కంట్రోలర్‌నో వీఎంకి పూర్తిగా ఇచ్చేయవచ్చు. అప్పుడు ఆ డివైస్ టెంపరేచర్ గెస్ట్‌లో నిజంగానే కనిపిస్తుంది. సీసీటీవీ వీడియోల్ని పరిశీలించే వీఎంకి ఎన్విడియా కార్డు ఇస్తే ఎన్విడియా-ఎస్ఎంఐ లోపల మామూలుగా పనిచేస్తుంది. ఫైళ్లు దాచే స్టోరేజ్ సిస్టమ్ ట్రూనాస్‌ని వీఎంలో నడిపేవాళ్లు కంట్రోలర్‌ని మొత్తంగా ఇవ్వడమే సరైన పని, డిస్కుల అసలు ఆరోగ్యం దానికి తెలుస్తుంది. మామూలు పద్ధతిలో ఒక్కో డిస్క్‌ని ఇస్తే స్మార్ట్ సమాచారం లోపలికి వెళ్లదు.

టెంపరేచర్ కోసమే పాస్‌త్రూ చేయడం మాత్రం అనవసరం. బోర్డులో డివైస్‌ని గెస్ట్‌కి అప్పగించే సదుపాయం (ఇంటెల్‌లో వీటీ-డీ, ఏఎండీలో ఏఎండీ-వీఐ) ఉండాలి, వీఎం మెమరీ మొత్తం ముందే కేటాయించాలి, నడుస్తుండగా వేరే సర్వర్‌కి మార్చడం కుదరదు. పైగా డివైస్ గెస్ట్‌కి వెళ్లిపోయాక హోస్ట్‌కి దాని వేడి కనిపించదు. హోస్ట్ మీద పెట్టిన అలారం ఆ డిస్క్ విషయంలో మూగబోతుంది. కాబట్టి ఈ దారిలో వెళ్తే గెస్ట్ లోపల కూడా కొలత పెట్టాలి. ప్రాసెసర్ టెంపరేచర్ ఈ పద్ధతిలో ఎలాగూ రాదు.

హోస్ట్ మీది కానప్పుడు

క్లౌడ్‌లో అద్దెకి తీసుకున్న వీఎం, అంటే వీపీఎస్ అయితే టెంపరేచర్ గురించి ఆలోచించడం మానేయండి. అది వాళ్ల బాధ్యత, మీకు చూపించరు. మీరు చూడాల్సింది టాప్ కమాండ్‌లో ఎస్‌టీ అని కనిపించే శాతం. మీ వంతు ప్రాసెసర్ సమయాన్ని హోస్ట్ ఎంత వేరేవాళ్లకి ఇస్తోందో అది చెబుతుంది. వీఎంలో కనిపించే మెగాహెర్ట్జ్ అంకెని నమ్మకండి, కింద ప్రాసెసర్ వేగం తగ్గించుకున్నా అది మారకపోవచ్చు. దాని బదులు ఒకే రకం చిన్న లెక్కని గంటకోసారి నడిపి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అదే లెక్కకి ఎక్కువసేపు పడుతుంటే ఆ గ్రాఫ్‌తో కంపెనీవాళ్లకి టికెట్ పెట్టవచ్చు. టెంపరేచర్ తప్పక కావాలంటే వీపీఎస్ వదిలి డెడికేటెడ్ సర్వర్ తీసుకోవాలి.

విండోస్ లాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్ వాడే విద్యార్థులు విండోస్ వైపే చూసుకోవాలి. లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వెబ్ సర్వర్ ఆప్షన్ ఉంది. ఆన్ చేస్తే 8085 పోర్టులో అంకెలన్నీ జేసన్‌గా ఇస్తుంది, లినక్స్ వైపు నుంచి కర్ల్ కమాండ్‌తో తెచ్చుకోవచ్చు.

హోస్ట్ వేరేవాళ్ల చేతిలో ఉన్నా, మెషీన్ మాత్రం మీ గదిలోనే ఉన్న సందర్భాలు కూడా ఉంటాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు సర్వర్‌ని పెట్టి రూట్ పాస్‌వర్డ్ ఇవ్వరు. అప్పుడు గదినే కొలవండి. డీఎస్18బీ20 అనే చిన్న సెన్సర్ మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ అటూఇటూగా చెబుతుంది. వైఫై ఉన్న చిన్న ఈఎస్‌పీ32 బోర్డుకి కట్టి, సర్వర్ ముందు వైపు గాలి లోపలికి వెళ్లే చోట వేలాడదీయండి. వెనక పెడితే వేడిగాలి తగిలి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. తేమ కూడా కావాలంటే డీహెచ్‌టీ22 తీసుకోండి. ప్రాసెసర్ లోపలి సంగతి దీనికి తెలియదు గానీ, ఏసీ ఆగిన సంగతి అందరికంటే ముందు చెప్పేది ఇదే.

ఎవరికి ఏది

అసెంబుల్డ్ డెస్క్‌టాప్, ప్రాక్స్‌మాక్స్, హోస్ట్ మీ సొంతం: కంటైనర్‌లో మానిటరింగ్. ఇప్పటికే వీఎంలో అంతా పెట్టేసుకుని ఉంటే దాన్ని కదపకుండా హోస్ట్ నుంచి పంపించండి. రాక్ సర్వర్: బీఎంసీ మొదట, డిస్కుల కోసం హోస్ట్ కొలత అదనంగా. ట్రూనాస్: కంట్రోలర్ పాస్‌త్రూ. వీపీఎస్: టెంపరేచర్ వద్దు, ఎస్‌టీ శాతం చూడండి. వీటిలో ఏది ఎంచుకున్నా ఏసీ మీద ఆధారపడిన గదికి బయటి సెన్సర్ ఒకటి పెట్టమంటాను. ఖర్చు వందల్లో ఉంటుంది, కాపాడేది లక్షల సామాను.

అలారం ఎక్కడ మోగాలి

అలారానికి మూడు మెట్లు పెట్టుకోండి. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. నా లెక్కలో 80 దాటి పది నిమిషాలుంటే మొదటి మెసేజ్, 90 దాటితే ఫోన్, థ్రాటిల్ కౌంట్ పెరగడం మొదలైతే అవసరం లేని వీఎంలు వాటంతట అవే ఆగిపోవాలి. హార్డ్ డిస్కులకి చాలా కంపెనీలు ఇచ్చే గరిష్ఠం 60, కాబట్టి 50కే మేలుకోండి.

యూపీఎస్‌కి యూఎస్‌బీ ఉంటే దాన్ని హోస్ట్‌కే తగిలించి నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ వేయండి, 3493 పోర్టు మీద వీఎంలు కూడా చదువుకుంటాయి. మన చిన్న ఆఫీసుల్లో చాలాచోట్ల ఉండేది మామూలు ఇన్వర్టర్, దానికి అలాంటి సదుపాయం ఉండదు. అక్కడ ఒక పని చేయవచ్చు. ఇన్వర్టర్ లైన్‌తో సంబంధం లేని ప్లగ్‌లో ఒక పాత వైఫై రూటరో, స్మార్ట్ ప్లగ్గో పెట్టి, హోస్ట్ నుంచి నిమిషానికోసారి పింగ్ చేయండి. జవాబు ఆగిందంటే లైన్ కరెంటు పోయినట్టే, ఏసీ కూడా ఆగినట్టే. టెంపరేచర్ పెరగడం మొదలయ్యే లోపే మీకు కబురు అందుతుంది.

చివరగా, మానిటరింగ్ వీఎం అదే హోస్ట్ మీద ఉంటే ఒక చిక్కుంది. వేడికి హోస్ట్ ఆగిపోతే అలారం పంపాల్సినది కూడా దాంతోపాటే ఆగిపోతుంది. అందుకని హోస్ట్ ఐదు నిమిషాలకోసారి "ఉన్నాను" అని బయట ఇంకోచోటికి చెప్పాలి, ఆ మాట రాకపోతే అక్కడి నుంచి మీ ఫోన్ మోగాలి. ఇంట్లో ఒక రాస్ప్‌బెర్రీ పై అయినా, నెలకి తక్కువ అద్దె పడే చిన్న వీపీఎస్ అయినా ఈ పనికి సరిపోతుంది. ఆఫీసు ఇంటర్నెట్ పోయినా ఇదే అలారం మోగుతుంది. కాబట్టి ఆఫీసు పక్కనే ఉండి, రాత్రి పూట వెళ్లి తలుపు తీయగలిగేవాళ్ల నంబరు కూడా అందులో పెట్టండి.